కాలివేళ్ళు అందితే చాలు

నేను పుట్టు పిరికిదాన్ని. ఈ మాట మొదటే చెప్పుకుంటే తర్వాత రాయబోయేవి మీకు వింతగా తోచవు. పాములకూ తేళ్ళకూ జడిసే పిరికితనం కాదు నాది, మగ్గాల ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి తేళ్ళ పని చెప్పుతోనే ముగించిన మనిషిని. నా భయమంతా మోకాళ్ళ మీద. నా మోకాళ్ళు కావు, పిల్లల మోకాళ్ళు. బస్సులో ఎదురుగా ఎవరి పిల్లయినా కాస్త వంకరగా నిలబడితే దిగిపోయేదాకా నా చూపు ఆ కాళ్ళను వదలదు. ఎవరో దిష్టి పెట్టే ముసలిది అనుకొని తల్లులు పిల్లలను కొంగు చాటుకు లాక్కున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

మొన్న ఎండాకాలం చివర్లో ఒకనాటి పొద్దున మా మనవరాలు, అంటే నా కూతురి కూతురు, నన్ను ఆటో ఎక్కించుకొని మహబూబ్‌నగర్‌లో తాను రోజూ ఆడే మైదానానికి తీసుకుపోయింది. ఆ పిల్ల ఫుట్‌బాల్ ఆడుతుంది. ఏదో సరదాకు ఆడటం కాదు, రాష్ట్రం తరఫున ఆడింది, ఆ ఆట కోసమే అమెరికాలో ఒక కాలేజీ వాళ్ళు సీటిస్తామన్నారు. అక్కడ ఆ ఆటను సాకర్ అంటారట. తమ జట్టులో ఆడితే చదువూ తిండీ తామే చూసుకుంటామన్నారట, అయితే చివరగా ఇంకొక్క వీడియో చూసి మాట ఖాయం చేస్తామన్నారట. ఆ వీడియో తీసే రోజు అమ్మమ్మ పక్కన ఉండాలని పిల్ల పట్టుబట్టింది.

నేను గట్టు మీద నీడకు కూర్చున్నాను. పరుగెత్తడానికి ముందు ఒళ్ళు వదులు చేసుకోవాలట. పిల్ల కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా నడుము దగ్గర వంగి, చేతులు కిందికి దించసాగింది. ఆ చేతులు మోకాళ్ళు దాటి, పిక్కలు దాటి, కాలివేళ్ళు దాటి, అరచేతులు నిండుగా నేలకు ఆనేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. పక్కనున్న వాళ్ళు నా ముఖం చూసి ఎండదెబ్బ అనుకొని గబగబా నీళ్ళ సీసా తెచ్చి అందించారు. నీళ్ళు చూడగానే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఎందుకంటే ఆ భయం నాకు వచ్చిందే నీళ్ళ వల్ల.

నా ఈడు వాళ్ళలో మునుగోడు వైపు పుట్టినవాళ్ళకో మెట్టినవాళ్ళకో ఈపాటికి సంగతి తెలిసిపోయి ఉంటుంది. మిగతావాళ్ళ కోసం కాస్త వెనక్కు పోయి చెబుతాను.

నా పుట్టిల్లు ఆలేరు. రైలు కూతలు వింటూ పెరిగినదాన్ని. నన్ను మునుగోడు దాటి లోపలికి పోయే ఒక ఊళ్ళో నేతగాళ్ళ ఇంటికి ఇచ్చారు. పోచంపల్లి తీరు చీరలు నేసే ఇల్లది. ఇంట్లో అడుగు పెట్టగానే మగ్గం, మగ్గం కింద కాళ్ళు పెట్టుకొని తొక్కడానికి నడుము లోతు గుంట. ఆ గుంటలో కూర్చొని మా మామ నేసేవాడు. నేను వచ్చిన కొత్తలో ఆయనను చూసి గర్విష్ఠి అనుకున్నాను. ఎవరు పిలిచినా తల తిప్పి చూసేవాడు కాదు, మనిషి మొత్తంగా అటు తిరిగి చూసేవాడు. మెడ తిరగదని తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. పొద్దున్నే మా ఆయన వాళ్ళ నాయిన చంకల కింద చేతులు వేసి గుంటలోకి దించేవాడు, మధ్యాహ్నం అన్నం వేళకు పైకి లాగేవాడు. మా మామ వయసు అప్పటికి యాభై దాటి ఉంటుందేమో. ఊళ్ళో ఆయన ఒక్కడే అయితే ఏదో ఖర్మ అనుకోవచ్చు, వీధికి ఇద్దరు ముగ్గురు అట్లాంటివాళ్ళు ఉండేవాళ్ళు. ఒకళ్ళు వాతం అనేవాళ్ళు, ఒకళ్ళు ఎవరో చేసిన పాపం అనేవాళ్ళు. ఒక యేడు మోకాళ్ళు ఇక ఏమాత్రం వంగక ఆయన గుంటలోకి దిగలేకపోయాడు. మా ఆయన ఆ గుంట మీద పలకలు పరిచి, పైన గొంగడి వేశాడు. నేసిన చోటనే ఆయన రోజంతా కాళ్ళు బారజాపుకొని కూర్చునేవాడు.

ఎనభైలు మొదలైన కొత్తల్లో మా వీధిలో బోరింగు వేశారు. చేదబావిలో నీళ్ళు అడుగంటిపోయి, చేదకు బురద తప్ప ఏమీ రాని కరువు రోజులవి. గొట్టంలోంచి నీళ్ళు ఎగజిమ్మినప్పుడు మేము చేసిన సంబరం ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నది. బోరింగుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొత్త రవికె గుడ్డ కట్టి, కొబ్బరికాయ కొట్టాము. తేటగా, చల్లగా ఎంత బాగుండేవో ఆ నీళ్ళు. నా కూతురికి ఊహ తెలిసిందే ఆ బోరింగు గట్టు మీద. నీళ్ళ కోసం మైళ్ళు నడిచే బాధ తప్పిందని ఆ ఇనుప చేతికి రోజూ దండం పెట్టుకొని బిందె కింద పెట్టేదాన్ని.

పిల్లకు పాలపళ్ళు ఊడే వయసు వచ్చింది. మన దగ్గర ఊడిన పన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతాము కదా, కొత్త పన్ను మంచిగా రావాలని. పిల్ల ఎగిరి ఎగిరి విసిరింది. కొత్త పళ్ళు వచ్చాయి, కాని వాటి మీద అడ్డంగా పసుపు చారలు వచ్చాయి. బొగ్గుతో తోమాను, ఉప్పుతో తోమాను, వేపపుల్లతో చిగుళ్ళు కందిపోయేలా తోమాను. చారలు పోలేదు. ఊళ్ళో పిల్లలందరివీ గార పళ్ళే కాబట్టి మా అత్త దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నాకు మాత్రం ఎందుకో అవే చారలున్న మా మామ పళ్ళు గుర్తొచ్చాయి. నా భయం పుట్టిన రోజు ఏదంటే నేను ఆ రోజే చెబుతాను.

ఆ తర్వాత కొద్దినాళ్ళకే నల్లగొండ పెద్ద దవాఖాన నుంచి డాక్టర్లు వచ్చి బడి దగ్గర క్యాంపు పెట్టారు. ఊరు ఊరంతా వరుసలో నిలబడింది. వాళ్ళు మందూ ఇవ్వలేదు, సూదీ వేయలేదు. గడ్డం ఛాతీకి ఆనించమన్నారు. రెండు చేతులు పైకెత్తి తల వెనక్కు కలపమన్నారు. ఆ తర్వాత మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు ముట్టుకోమన్నారు. మొదట అందరికీ నవ్వులాటగా ఉండింది, పెద్ద పెద్ద మనుషులు బడిపిల్లల్లాగా డ్రిల్లు చేస్తున్నారని ఆడవాళ్ళం కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వాము. వరుస కదిలినకొద్దీ ఆ నవ్వు సన్నగిల్లింది. బస్తాలు మోసే మనుషుల చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతున్నాయి. బలం పెట్టి వంగుతున్నారు, ముఖాలు ఎర్రబడుతున్నాయి, వేళ్ళు మాత్రం కిందికి పోవడం లేదు. మా ఆయన చేతులు పిక్కల దాకా పోయి నిలిచిపోయాయి. ఆయన లేచి నా వైపు చూడకుండా తువ్వాల దులుపుకుంటూ పక్కకు పోయాడు. నాకు అందాయి. పిల్ల అయితే ఒక్క వంగుడుకు వేళ్ళు పట్టుకొని, తలెత్తి, నలుగురిలో గట్టిగా అరిచింది.

"అందినయమ్మా!"

ఇదంతా నీళ్ళలో ఉన్న ఫ్లోరైడు అనే గుణమని డాక్టరు చెప్పాడు. చేదబావి నీళ్ళలోనూ ఉండేదట, బోరింగు నీళ్ళలో ఇంకా ఎక్కువ ఉందట. నేను తప్పకుండా కాచి చల్లార్చే పిల్లకు పోస్తున్నానని కాస్త గొప్పగానే చెప్పాను. అంతకు ముందు ఎవరో వచ్చి నీళ్ళు కాచి తాగితే రోగాలు రావని చెప్పిపోయారు, మా వీధిలో తల్లులమందరం పిల్లల నీళ్ళు అందుకే సగమయ్యేదాకా మరిగించేవాళ్ళం. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. కాచినకొద్దీ నీళ్ళు ఆవిరై పోతాయి గాని ఆ గుణం పోదట, మిగిలిన నీళ్ళలో అదే మరింత చిక్కగా మిగులుతుందట. ఆ మాట విని ఇంటికి వచ్చి, పొయ్యి మీది గిన్నెలో చల్లారిన నీళ్ళను ఒక గ్లాసులోకి వంచి, వాకిట్లోకి పోయి వెలుతురుకు ఎత్తి చూశాను. ఏమీ కనపడలేదు. తేటగా మెరుస్తున్నాయి. రంగు లేదు, వాసన లేదు, నోటికి తేడా లేదు. కనపడని దానికి భయపడటం ఎంత కష్టమో ఆ వాకిట్లో నాకు తెలిసింది.

ఇక మా ఇంట్లో ఒక కొత్త ఆచారం మొదలైంది. రోజూ పొద్దున ముఖం కడిగిన తర్వాత, చద్దన్నం ముందు కూర్చునే ముందు, పిల్ల నా ఎదుట నిలబడి వంగి కాలివేళ్ళు ముట్టాలి. ముట్టి "అందినయమ్మా" అని చెప్పాలి. అప్పుడే గిన్నె దాని ముందుకు జరిపేదాన్ని. పిల్లకు అది ఆట, కొన్నిసార్లు కావాలని మధ్యలో ఆగి, మూలిగి, నన్ను ఏడిపించి, తర్వాత వేళ్ళు ముట్టి కిలకిలా నవ్వేది. ఆ ఆగిన క్షణంలో నా ప్రాణం ఎక్కడికి పోయి వచ్చేదో దానికి ఏం తెలుసు. నీళ్ళలో పటిక, సున్నం కలిపి తేర్చుకోమని డాక్టర్లు చెప్పారు, కొన్నాళ్ళు చేశాము, ఎంత కలపాలో ఎంతసేపు ఆగాలో కుదిరీ కుదరక, తేరిన నీళ్ళను కూడా నేను నమ్మలేకపోయేదాన్ని.

చివరికి దారి చూపింది మా మామే. ఒకనాటి పొద్దున పిల్ల వంగుతుంటే గొంగడి మీద కూర్చొని వింటున్న ఆయన నన్ను పిలిచాడు. ఆయన నాతో నేరుగా మాట్లాడింది తక్కువ.

"పొల్లను ఈడ ఉంచకు బిడ్డా. నీళ్ళు మంచిగున్నకాడికి పంపియ్యి. నన్ను జూస్తున్నవు గద."

మా అమ్మానాన్నలు అప్పటికే పోయారు, ఆలేరులో మాకంటూ ఇల్లు మిగల్లేదు. నాకున్నదల్లా నారాయణపేటలో మా అక్క. ఆమె ఇంట్లోనూ మగ్గాలే, అక్కడి అంచుల చీరలు నేసేవాళ్ళు. నేను మాట అడగడానికి వెళ్ళి, గడప దగ్గరే ఏడ్చాను. ఆమె నా చేతిలోని సంచి తీసుకొని లోపల పెట్టి, చాలా తేలిగ్గా, "ఫికర్ జెయ్యకు చెల్లె, నా పిల్లలతోని పాటు ఇంత తిని ఉంటది," అన్నది. ఆ మాటకు నేను ఈ జన్మలో తీర్చుకునేది ఏమీ లేదు. అయితే డాక్టరు ఒక మాట చెప్పాడు, పిల్లను ఎక్కడికి పంపినా ముందు ఆ నీళ్ళు పరీక్ష చేయించమని. అందుకని అక్క వాళ్ళ బావి నీళ్ళు ఒక గాజు సీసాలో నింపుకొని, గుడ్డ చుట్టి, మహబూబ్‌నగర్‌లో బస్సు మారి, దేవరకొండ మీదుగా నల్లగొండకు బయలుదేరాను.

కల్వకుర్తి దాటిన తర్వాత ఎక్కడో బట్టబయలు మధ్య బస్సు ఆగిపోయింది. టైరు పంక్చరు. చుట్టుపక్కల చెట్టు లేదు, బావి లేదు, ఎండ నెత్తి మీద ఉన్నది. నా పక్క సీటులో ఒక ముసలి సాయిబు కూర్చున్నాడు, తెల్లటి గడ్డం, మాసిన టోపీ. పెదవులు ఎండిపోయి, నాలుకతో తడుపుకుంటున్నాడు. నా ఒళ్ళోని సీసా చూసి, మొహమాటంగా, "బిడ్డా, జర గొంతు తడిపియ్యవా," అని అడిగాడు. మన దగ్గర దప్పికగొన్న మనిషికి నీళ్ళు లేవని చెప్పడం ఎంత తప్పో మీకు తెలియనిది కాదు. చేతిలో సీసా పెట్టుకొని లేవని ఎట్లా అంటాను. ఇస్తే పరీక్షకు నీళ్ళు మిగలవేమో, మళ్ళీ నారాయణపేట దాకా పోయి రావాలేమో, ఆ లోపల పిల్ల ఇంకెన్ని నీళ్ళు తాగుతుందో అని నా లోపల గొడవ. సీసా మూత తీసి ఇచ్చాను, ఇచ్చి, ఆపుకోలేక ఏడ్చాను. ఆయన తాగబోయి ఆగి, ఎందుకమ్మా అని అడిగితే అంతా చెప్పాను. ఆయన ఒక్క గుక్కతో నాలుక తడుపుకొని, సీసాకు మూత బిగించి, తన చేతిగుడ్డతో పైన తడి తుడిచి, నల్లగొండలో దిగేదాకా దాన్ని తన రెండు చేతుల మధ్య నిలువుగా పట్టుకొని కూర్చున్నాడు, కుదుపుకు ఒలికిపోకుండా. ఆయన ఎవరో, ఏ ఊరో అడగాలన్న తెలివి నాకు లేకపోయింది. ఆ నీళ్ళు మంచివని తేలిన రోజున మొదట గుర్తొచ్చింది ఆయనే.

పిల్లను పంపే పొద్దున తాత కాళ్ళు మొక్కమన్నాము. పలకల మీద కూర్చున్న ఆయన పాదాల దగ్గర పిల్ల వంగింది. మెడ వంగని మనిషికి తన కాళ్ళ దగ్గరున్న పిల్ల కనపడలేదు. "ఏడున్నవు బిడ్డా, అవుపడుతలెవ్వు," అని ఆయన ఎదురుగా గోడ వైపు చూస్తూ అడిగాడు. మా ఆయన పిల్లను ఎత్తి ఒక పీట మీద ఆయనకు ఎదురుగా నిలబెట్టాడు. దీవించడానికి ఆయన చేయి పైకి లేవలేదు, పిల్లే ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి తన తల మీద పెట్టుకున్నది. దాని తర్వాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. పిల్ల నారాయణపేట నుంచి మొదటిసారి సెలవులకు రాకముందే ఆయన పోయాడు.

అక్కడ అది బాగానే ఉన్నది. మా అక్క పిల్లలతో బడికి పోయింది, కొద్ది రోజుల్లోనే కన్నడం కలిసిన ఆ వైపు మాటలు నేర్చింది, మా అక్కను పెద్దమ్మా అని మొదలుపెట్టి, ఎప్పుడో మధ్యలో పెద్ద తీసేసి అమ్మా అనడం మొదలుపెట్టింది. ఆ సంగతి నేను విన్నాను గాని ఎవరితోనూ అనలేదు. దసరాకో ఎండాకాలం సెలవులకో మా బావ దాన్ని తీసుకొచ్చేవాడు. వచ్చేటప్పుడు ఒక చేతికి పిల్ల, ఇంకో చేతికి తెల్లటి ప్లాస్టిక్ డబ్బా నిండా వాళ్ళ బావి నీళ్ళు. బస్సు దిగగానే, ఇంకా చెప్పుల దుమ్ము కూడా దులపకముందే, రోడ్డు మీదనే వంగి కాలివేళ్ళు ముట్టి "అందినయమ్మా" అనేది. అప్పుడు దగ్గరికి తీసుకునేదాన్ని.

ఆ డబ్బాలో నీళ్ళు ఉన్నన్ని రోజులే పిల్ల మా ఇంట్లో ఉండేది. అది తాగే నీళ్ళూ, దాని అన్నం వండే నీళ్ళూ ఆ డబ్బాలోవే. మేము బోరింగు నీళ్ళే తాగేవాళ్ళం, మాకు వేరే దారి ఏముంది. పిల్ల నిద్రలేచి బోరింగు వైపు నడిస్తే వెనకాలే పరుగెత్తేదాన్ని. కన్నబిడ్డ ఇంటికి వస్తే ఇంటి నీళ్ళు ముట్టనివ్వని తల్లి ఇంకెక్కడైనా ఉంటుందా అని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు.

ఒక ఎండాకాలం మాత్రం నేను మరిచిపోలేను. పిల్ల వచ్చి కొన్నాళ్ళయింది, డబ్బాలో నీళ్ళు తగ్గినట్టే లేవు. నేను పైకి సంతోషించాను, ఇంకా కొన్ని రోజులు ఉంటుంది కదా అని. ఆసు పోసే పనిలో పడి, అంటే నూలు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి పోసే మా ఆడవాళ్ళ పని, నేను పిల్ల ముఖం సరిగ్గా చూడలేదు. ఒక మధ్యాహ్నం అది వాకిట్లో ఆడుతూ ఆడుతూ కూలబడిపోయింది. ఎత్తుకుంటే ఒళ్ళు కాలిపోతున్నది, పెదవులు పగిలి నెత్తురు చారలు కట్టాయి. నీళ్ళు తాగించి, తడిగుడ్డ వేసి కూర్చున్నాక, అది కళ్ళు తెరిచి మొదట చూసింది డబ్బా వైపు.

"ఇంక శానా ఉన్నయి గదమ్మా. నేనిప్పుడే పోనక్కర్లేదు గద," అన్నది.

నీళ్ళు తాగితే డబ్బా అయిపోతుంది, డబ్బా అయిపోతే పంపించేస్తాను. అందుకని పిల్ల నీళ్ళు తాగడం మానేసింది. అన్నం కూడా ఎందుకు తక్కువ పెట్టించుకున్నదో అప్పుడు తెలిసింది. దాన్ని ఒళ్ళో పెట్టుకొని నేను ఎట్లా ఏడ్చానో చెప్పను. ఉంచేసుకుందామని ఒక్క క్షణం అనిపించింది, ఏదయితే అదవుతుంది, ఊళ్ళో ఇంతమంది పిల్లలు లేరా అనిపించింది. తలెత్తితే ఎదురుగా గొంగడి పరిచిన పలకలు కనపడ్డాయి, మా మామ పోయినా వాటిని మేము తీయలేదు. జ్వరం తగ్గిన మర్నాడే వాళ్ళ నాయినతో బస్సు ఎక్కించాను. పిల్ల ఏడవలేదు. బస్సు మెట్టు ఎక్కబోయి, వెనక్కు వచ్చి, నా ముందు నిలబడి వంగి వేళ్ళు ముట్టి చూపించి, ఏమీ అనకుండా ఎక్కి కూర్చున్నది.

అట్లా పెరిగిన పిల్ల చదువుకొని పంతులమ్మ అయింది, మహబూబ్‌నగర్‌లో కాపురం పెట్టింది. పళ్ళ మీద ఆ పసుపు చారలు ఇప్పటికీ ఉన్నాయి, కాళ్ళు మాత్రం నిటారుగా ఉన్నాయి. మా ఆయన పోయిన తర్వాత నేను దాని దగ్గరికే వచ్చాను. చిన్నప్పటి డబ్బా సంగతి అది ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. మనసులో ఏం దాచుకున్నదో అన్న బెరుకు మాత్రం నాకు ఉండేది.

దానికి పుట్టిన పిల్ల నడక నేర్చిన నాటి నుంచి కాలికి ఏది తగిలితే దాన్ని తన్నడమే. కొబ్బరిచిప్ప, ఉల్లిగడ్డ, నా చెప్పు, అన్నీ దానికి బంతులే. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆట ముదిరింది. నేను మైదానం వైపు పోయేదాన్ని కాదు, పోతే ఎదుటి జట్టు పిల్లలు బంతిని కాదు, దాని మోకాళ్ళనే తన్నడానికి వస్తున్నట్టు కనపడేది. పోయిన యేడు పడి మోకాలు వాచి కొన్ని నెలలు ఇంట్లో ఉంటే, దాని కంటే నేనే ఎక్కువ చిక్కిపోయాను. ఎన్ని నీళ్ళు మోసి, ఎంత దూరం పంపి కాపాడుకున్న కాళ్ళవి. ఈ ఆటకు వచ్చి విరగ్గొట్టుకుంటుందా అని రోజూ అదే రంది.

అమెరికా సీటు ఖాయమైన రోజు ఇంట్లో అందరూ మిఠాయి పంచుకుంటుంటే నేను ఒక్కటే అడిగాను, అక్కడి నీళ్ళు ఎట్లుంటాయని. మనవరాలు ఫోనులో ఏదో వెతికి, చదివి, పకపకా నవ్వింది. "అమ్మమ్మా, గా ఊరి నీళ్ళల్ల గదే కలుపుతరంట. పళ్ళు గట్టిగుండాలెనని. జర్రంతనే," అన్నది. మన ఊళ్ళను తిన్నది వాళ్ళు కావాలని కలుపుకుంటారా. కొలిచి, కొంచెమే వేస్తారట, దానితో మేలే తప్ప కీడు లేదట, అల్లుడు కూడా ఓపికగా వివరించి చెప్పాడు. తల ఊపాను గాని నమ్మకం కుదరలేదు. మా బోరింగు వేసిన రోజు కూడా అందరూ మేలనే చెప్పారు. ఇంట్లో వాళ్ళందరూ నా ముఖం చూసి నవ్వుకున్నారు. నా కూతురు నవ్వలేదు. ఆ సంగతి నేనప్పుడు అంతగా పట్టించుకోలేదు.

బయలుదేరే పొద్దున ఇల్లంతా సామాన్లే. శంషాబాద్ పోవడానికి కారు వచ్చి వాకిట్లో నిలబడింది. పిల్ల భుజానికి పెద్ద నీళ్ళ సీసా వేలాడుతున్నది, విమానం ఎక్కేముందు దాన్ని ఖాళీ చేయమంటారట, ఇంటి నీళ్ళు ఒక్క గుక్కయినా అవతలికి పోవట. నాకు ఆ తెల్ల డబ్బా కళ్ళ ముందు తిరిగింది. అప్పుడు నీళ్ళు మోసుకొని మరీ వచ్చేది బిడ్డ, ఇప్పుడు నీళ్ళు పారబోసి పోతున్నది మనవరాలు. మా కాలంలో కాళ్ళు బాగుండాలని పిల్లను దూరం పంపాను, ఇప్పుడు కాళ్ళు బాగున్నాయి కాబట్టే పిల్ల దూరం పోతున్నది. ఎటు తిప్పినా పంపక తప్పలేదు నాకు.

కాళ్ళు మొక్కి పోవే అని వాళ్ళమ్మ అన్నది. పిల్ల నా ముందుకు వచ్చింది. అందరి పిల్లలూ మోకాళ్ళు వంచి కూర్చున్నట్టు వంగి మొక్కుతారు. ఇది ఆటపిల్ల కదా, మైదానం అలవాటు, కాళ్ళు నిటారుగా బిగించి, నడుము దగ్గర వంగి, రెండు అరచేతులు నా పాదాల మీద నిండుగా ఆనించింది. నేను దాని తల మీద చేయి పెట్టాలి. చల్లగా ఉండు తల్లీ అనాలి. చేయి సగంలో ఆగిపోయింది, మాట నోట్లోనే ఉండిపోయింది. నేను దాని మోకాళ్ళు చూస్తున్నాను. మెడ వంగి, కళ్ళు పని చేసి, కాళ్ళ దగ్గరున్న పిల్ల కనపడే అదృష్టం నాకున్నది, మా మామకు లేని అదృష్టం. ఉండి కూడా దీవించడం మరిచిపోయాను.

తలెత్తితే, పిల్ల వెనకాల నిలబడిన నా కూతురు కనపడింది. అదీ అక్కడికే చూస్తున్నది. పిల్ల ముఖం కాదు, సామాను కాదు, కారు కాదు, ఆ మోకాళ్ళనే చూస్తున్నది. దాని చూపు నా చూపును కలిసింది. ఇన్నేళ్ళలో నేను అడగలేక ఊరుకున్నదీ, అది చెప్పక దాచుకున్నదీ అన్నీ దాని కళ్ళలో ఉన్నాయి. నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేంత గొంతుతో చెప్పింది.

"అందినయమ్మా."

పిల్ల లేచి, ఇద్దరినీ ముద్దు పెట్టుకొని కారెక్కింది.

ఇప్పుడు మా ఊరికి కృష్ణా నీళ్ళు పైపుల్లో వస్తున్నాయి. మొన్న పోయినప్పుడు చూశాను, బోరింగు తుప్పు పట్టి, చేయి విరిగి, గట్టు మీద మేకలు పడుకొని ఉన్నాయి. పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. వంగమని ఎవరూ ఎవరినీ అడగడం లేదు, కాలివేళ్ళు అందడం కూడా ఒక వార్తేనా అని అడిగే పిల్లలు పుట్టారు, అది మంచిదే. ఇంటికి వచ్చాక ఎవరూ చూడకుండా నేనూ ఒకసారి వంగి చూశాను. నా చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగాయి. ఆ నీళ్ళు నేను చాలా ఏళ్ళు తాగాను కదా.

ఆదివారం ఆదివారం మనవరాలు ఫోనులో కనపడుతుంది. ఫోనును గడ్డి మీద నిలబెట్టి, వెనక్కు పోయి, వంగి చూపిస్తుంది, వాళ్ళమ్మ నేర్పిందేమో. ఆ పూట నోట్లోనే ఉండిపోయిన దీవెనను రోజూ పొద్దున మంచినీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు చెప్పుకుంటున్నాను. చెప్పుకొని, తాగే ముందు, గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాను. ఏమీ కనపడదు. అప్పుడూ ఏమీ కనపడేది కాదు.